పసుపుకొమ్ముపై మోపిన బరువు

మాకు పసుపుపై పగ లేదు. మా యింటి గడపకు నేటికిని శుక్రవారమునాడు పసుపు పూయుదురు. మా పప్పులో పసుపు పడని దినము లేదు. పెండ్లికూతును జేసిన నాడును, ముత్తైదువను సాగనంపిన నాడును పసుపు మా చేత నుండవలసినదే. ఈ మాట మొదటనే చెప్పుకొనవలసి వచ్చినది. ఏలయనగా నేడు పసుపును గూర్చి యొక ప్రశ్న వేసినవానిని ఇంటిదీపము నార్పవచ్చిన ద్రోహినిగా జూచుచున్నారు. మేము ప్రశ్నించునది పసుపును గాదు. దానిపై మనము మోపిన బరువును. ఆ బరువునకు కొమ్ము నలుగుట లేదు. మనుష్యుల కీళ్లు నలుగుచున్నవి.

మా వీథిలో మాకు చెల్లెలి వరుస యగు ఇల్లాలొకతె కలదు. ఆమెకు నలువదియేండ్లు నిండలేదు. మూడేండ్ల క్రిందట తెల్లవారి లేచునప్పటికి ఆమె రెండుచేతుల వ్రేళ్లును బిగిసికొనిపోవుట మొదలైనది. జడ వేసికొనుటకు గంటసేపు పట్టెడిది. ప్రొద్దెక్కినకొలది వ్రేళ్లు కొంచెము వదులయ్యెడివి. పట్టణమునందలి వైద్యుడు రక్తపరీక్షలు చేయించి, ఇది రుమటాయిడ్ ఆర్థ్రయిటిసు అను కీళ్లవ్యాధి యని నిర్ణయించి, వారమున కొక్కసారి మ్రింగవలసిన మెథోట్రెక్సేటు మాత్రలు వ్రాసి యిచ్చెను. నాలుగు నెలలు వాడిన పిమ్మట వాపు దిగెను. అంతట బంధువులలో నొకరు పసుపుసారపు గుళికల డబ్బా యొకటి ఆమె చేతబెట్టి, ఆ విషపుమందు మానుమని బోధించిరి. ఆమె మానెను. సంగతి తెలిసి మేము సందేహింపగా, "అన్నయ్యగారూ, ఇది మన పసుపే గదా! పనిచేసిన మంచిది; చేయకున్న కీడేమి చేయును?" అని యడిగెను. మేము ఆనాడు గట్టిగా బదులు చెప్పలేదు. ఇతరుల యింటి మందుల విషయమున మనకేల యని యూరకుంటిమి. ఆ మౌనము మా తప్పు. రెండేండ్లు గడచునప్పటికి ఆమె కుడిచేతి వ్రేళ్లు చిటికెనవ్రేలి వైపునకు ఒరిగిపోయెను. ఇప్పుడు మరల ఆ మాత్రలే వాడుచున్నది. వాపు మరల దిగినది. ఒరిగిన వ్రేళ్లు మాత్రము తిరిగి చక్కబడలేదు. ఆనాడు ఆమె యడిగిన ప్రశ్నకు ఈనాడు బదులు వ్రాయుచున్నాము.

మొదట శోథమన నేమో తెలియవలెను. ఎఱుపు, వేడి, వాపు, నొప్పి యను నాలుగు లక్షణములను క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమనుడగు సెల్ససు చెప్పెను. మన సుశ్రుతుడు వ్రణశోఫమును ఆమము, పచ్యమానము, పక్వము అని మూడవస్థలుగా విభజించి, పచ్చివాపును కోయు వైద్యుని, పండినదానిని ఉపేక్షించు వైద్యుని సమానముగా నిందించెను. వాపులన్నియు నొక్కటి కావనియు, అవస్థ తెలియక చేయి పెట్టరాదనియు ఆయన యెఱుగును. 1882లో మెచ్నికాఫ్ అను రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో సముద్రనక్షత్రమను జంతువుయొక్క డింభకమున ముల్లు గ్రుచ్చి, మఱునాడు సూక్ష్మదర్శినిలో జూచెను. ముల్లు చుట్టును చలించు కణములు మూగియుండెను. శరీరమునకు కావలికాండ్రు కలరని ఆ ముల్లు తెలిపినది. 1908లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను.

కావున శోథము స్వభావముచే శత్రువు గాదు. దెబ్బ తగిలినచోట రక్తనాళములు వెడల్పగును. తెల్లకణములు వాని గోడలు దాటి బయటికి వచ్చును. సైటోకైనులను వార్తాపదార్థములను వెదజల్లి మఱికొన్ని కణములను బిలుచును. పని ముగిసిన పిదప తామే చల్లారును. ఈ యేర్పాటు లేనిచో చిన్న ముల్లు గ్రుచ్చుకొనినను మనము బ్రదుకము. మా చెల్లెలి వ్యాధిలో జరిగినది వేఱు. అక్కడ శత్రువు లేకయే కావలివారు కీలుయొక్క లోపలిపొరపై బడిరి. చల్లారవలసిన సమయమున చల్లారలేదు. వాచిన పొర మృదులాస్థిని, పిమ్మట ఎముకను దినివేయుచున్నది. కంచెయే చేను మేయుట యన్న నిదియే. ఇట్టి చేనికి ఆలస్యమే పెద్దకీడు. నొప్పి తగ్గినదా లేదా యనుట యొక ప్రశ్న. మేత నిలిచినదా లేదా యనుట మఱియొకటి. మొదటిది రోగికి తెలియును, రెండవది తెలియదు. గుళికల డబ్బా ఈ రెండింటికి నడుమ నున్న చీకటిలో వ్యాపారము చేయుచున్నది.

ఆ డబ్బాను మేము తెప్పించి చదివితిమి. దానిపై రెండు ప్రతిజ్ఞలున్నవి. ఈ గుళిక రోగనిరోధకశక్తిని పెంచునట. ఈ గుళిక శోథమును తగ్గించునట. తర్కసంగ్రహము చదివిన పిల్లవాడైనను ఇక్కడ నిలిచి యడుగును: అయ్యా, శోథము రోగనిరోధకశక్తి చేయు పనియే గదా, కావలివానికి బలము నిచ్చి, అతని చేతిలోని కఱ్ఱను లాగికొనుట ఒక్క గుళికతో నెట్లు జరుగును? పైగా మా చెల్లెలి వ్యాధి కావలివారు మితిమీరుటచేత వచ్చినది. వారికి మఱింత బలము నిచ్చు మందు నిజముగా నుండినచో అది ఆమెకు విషమే. ఆ వ్రాత నిజమో యబద్ధమో పిమ్మట చూతము. అది అర్థమున్న వాక్యమేనా యనునది మొదటి ప్రశ్న.

నిజముగా శోథము నణచు మందులు లోకమున కలవు. సైటోకైనులలో నొకటియగు టి.ఎన్.ఎఫ్. అను దానిని బంధించు ప్రతిదేహములను 1990లలో లండను నగరమున ఫెల్డ్‌మన్, మైనీ అను నిరువురు కీళ్లవ్యాధి కలవారి కిచ్చి చూడగా, పెక్కుమందికి గొప్ప యుపశమము కలిగెను. కాని ఆ మందు వాడినవారిలో కొందఱకు ఒడలిలో నిద్రించుచున్న క్షయ మేల్కొనెనని 2001లో వెల్లడియాయెను. కావలివానిని పండుకొనబెట్టినచో దొంగ లేచును. కావుననే నేడు ఆ మందు నిచ్చుటకు ముందు క్షయపరీక్ష చేయుదురు. మేము చెప్పదలచిన దేమనగా, మంటను నిజముగా నార్పగల మందునకు మూల్యముండును. ఆ మూల్యమును లెక్కించి చెప్పువాడే వైద్యుడు. మూల్యమే లేదని చెప్పువాడు మందు నైన నమ్ముట లేదు, మన నైన మోసగించుచున్నాడు.

ఇక పసుపునకు ఈ కీర్తి యెట్లు వచ్చినదో చూతము. 1815లో వోగెల్, పెల్లెటియర్ అను ఇరువురు పసుపునుండి పచ్చని రంగుపదార్థమును వేఱుచేసి కుర్కుమిను అని పేరిడిరి. 1910లో దాని యణునిర్మాణము తెలిసెను. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోరు అనువారు ఎన్.ఎఫ్. కప్పా బి యను నొక ప్రోటీనును కనుగొనిరి. శోథమునకు సంబంధించిన పెక్కు జన్యువులను మేల్కొలుపు తాళపుచెవులలో నది యొకటి. 1995లో అమెరికాలో నొక ప్రయోగశాలవారు గాజుపాత్రలో పెంచిన కణములపై కుర్కుమిను పోయగా ఆ తాళపుచెవి తిరుగుట తగ్గెనని ప్రకటించిరి. అటుపిమ్మట వేలకొలది వ్యాసములు వెలువడెను. కుర్కుమిను తాకని వ్యాధి లేదాయెను. ఆ రంగమున మిక్కిలి పేరుగన్న యొక ప్రయోగశాల వ్యాసములలో పెక్కింటిని, చిత్రములు నమ్మదగినవి కావను కారణమున, పత్రికలే పిమ్మట ఉపసంహరించుకొనెను. వ్యాసము వచ్చినప్పుడు మన వార్తాపత్రికలు పెద్దయక్షరములతో వేసెను; ఉపసంహరణము మన యిండ్లకు చేరలేదు.

ఆ దోషములను ప్రక్కనబెట్టి, గాజుపాత్రలో జరిగినదంతయు నిజమే యనుకొందము. గాజుపాత్రకు నోరు లేదు, ప్రేగు లేదు, కాలేయము లేదు. మనుష్యునకు మూడును కలవు. కుర్కుమిను నీట కరుగదు. ప్రేగుగోడను దాటుట దుర్లభము. దాటిన కొలదిపాటిని ప్రేగును, కాలేయమును వెంటనే రూపుమార్చి బయటికి ద్రోయును. 2006లో అమెరికాలో ఆరోగ్యవంతులగు 24 మందికి అరగ్రాము మొదలు 12 గ్రాముల వఱకు కుర్కుమిను నిచ్చి రక్తమును పరీక్షించిరి. 8 గ్రాముల వఱకు తీసికొనినవారిలో నెవ్వరి రక్తమునను అది కానరాలేదు. 10, 12 గ్రాములు తీసికొనినవారిలో ఇద్దఱియందు మాత్రము స్వల్పముగా గనబడెను.

ఇక్కడ గృహిణులు తమ పోపులపెట్టె ముందు నిలిచి చిన్న లెక్క వేయవచ్చును. మంచి పసుపులో కుర్కుమిను సుమారు నూటికి మూడుపాళ్లుండును. 3 గ్రాముల పసుపు, అనగా చిన్నచెంచాడు, కూరలో వేసితిమన్న 90 మిల్లీగ్రాముల కుర్కుమిను ఇంటిల్లిపాదికి పంచుచున్నామన్నమాట. రక్తమున జాడ తెలియని 8 గ్రాములను పొందుటకే ఒక్క మనిషి ఒక్క పూట పావుకిలోకు మించి పసుపు తినవలెను. కావున గాజుపాత్రలోని ఫలమును జూపి, మన పప్పులోని పసుపు వ్యాధులను కాల్చుచున్నదని చెప్పుట, సముద్రమున ఓడ నడచినది గావున మా చేటలోను నడచునని చెప్పుటవంటిది.

2017లో కొందఱు రసాయనశాస్త్రజ్ఞులు కుర్కుమినుపై వచ్చిన పరిశోధనలనన్నిటిని దిరుగవేసి యొక దీర్ఘవ్యాసము ప్రకటించిరి. ఈ పదార్థము తానే వెలుగును చిమ్మును, ప్రోటీనులకు విచక్షణ లేక అంటుకొనును, లోహములను బట్టును, నిలుకడ లేక తానే విఱిగిపోవును. ఇట్టి దానిని పరీక్షాయంత్రములో వేసినచో ప్రతి పరీక్షయందును ఏదో యొక ఫలము చూపినట్లే కనబడును; ఆ ఫలమందు మందు ఎంతయో, మాయ ఎంతయో తేల్చుట కష్టము. మనుష్యులపై జరిగిన పరీక్షలు నూట ఇరువదికి పైగా నున్నను, రోగికిని వైద్యునకును తెలియకుండ మందును ఉత్తమాత్రను పంచి చేసిన పరీక్షలలో స్పష్టముగా నెగ్గినది తమకు గనబడలేదని వారు వ్రాసిరి. దీనికి బదులు చెప్పినవారును కలరు; వాదము ముగియలేదు. కాని వాదము ముగియని వస్తువును సిద్ధౌషధమని యమ్ముట యే ధర్మము?

పసుపు లోపలికి పోకున్న మిరియము కలుపుదుము, అదియు మన పూర్వులు చెప్పినదే, అని వర్తకులు బదులిత్తురు. దీనికి మూలము 1998లో బెంగుళూరునందు జరిగిన యొక పరీక్ష. 2 గ్రాముల కుర్కుమినుతో 20 మిల్లీగ్రాముల పైపరీను, అనగా మిరియపు సారము, కలిపి యిచ్చినచో కుర్కుమిను శరీరమునకు చిక్కుట సుమారు ఇరువదిరెట్లు పెరిగెను. ఈ సంఖ్య ప్రతి డబ్బాపై నున్నది. పెరిగినది యెట్లో డబ్బాపై లేదు. పరాయి పదార్థములను బయటికి ద్రోయు కాలేయపు ద్వారమును మిరియపుసారము కొంతసేపు మూసివేయును. ద్వారము మూసినప్పుడు లోపల నిలిచిపోవునది పసుపు ఒక్కటియే గాదు. మూర్ఛరోగులు వాడు ఫెనిటాయినువంటి మందులును రక్తమున హెచ్చును. చారులో పది మిరియములు వేసికొనుట వేఱు; మిరియపుసారమును నిత్యమును గుళికగా మ్రింగుట వేఱు.

ఆమె ప్రశ్న యిదియే గదా: చేయకున్న కీడేమి? ఇదిగో కీడు. 2019లో ఇటలీ దేశమున పసుపుగుళికలు వాడినవారిలో కాలేయశోథము పెక్కుమందికి రాగా ప్రభుత్వాధికారులు హెచ్చరిక చేసిరి. 2022లో అమెరికాలో కాలేయహానిని నమోదుచేయు వైద్యబృంద మొకటి పసుపువలన హాని పొందిన పదిమంది చరిత్రలను ప్రకటించినది. అందు ఐదుగురు ఆసుపత్రిలో జేరిరి, ఒకరు మరణించిరి. పదిమందిలో ఏడుగురియందు రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన ఒకే జన్యుభేదము గనబడెను. శోథము నణచుటకై మ్రింగిన గుళిక కొందఱి కాలేయమునందు శోథమునే లేపెనన్నమాట. ఇట్టి హాని అరుదు. వంటపసుపునకు మనము భయపడ బనిలేదు. కాని ప్రకృతినుండి వచ్చినది గావున కీడు చేయదను మాట అబద్ధమని తెలియుటకు ఈ పదిమంది చాలరా?

ఇక పూర్వుల మాట. అమెరికావారే మన పసుపునకు తలయొగ్గిరి గదా, అని సభలలో చెప్పుచుందురు. జరిగిన దేమి? 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు, గాయములను మాన్పుటకు పసుపు నుపయోగించు పద్ధతిపై పేటెంటు దొరకినది. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి యభ్యంతరము చెప్పి, ప్రాచీనగ్రంథములను, 1953లో భారత వైద్యసంఘ పత్రికలో వచ్చిన వ్యాసమును జూపగా, 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. అది న్యాయమైన జయము, మేమును గర్వించితిమి. కాని ఆ తీర్పు చెప్పినది, ఈ సంగతి క్రొత్తది కాదు, ముందే తెలిసినది, అని మాత్రమే. పసుపు సర్వరోగనివారిణి యని ఆ కార్యాలయము చెప్పలేదు. చెప్పుట దాని పనియు గాదు. సొత్తు మనదని తేలుట వేఱు, సొత్తు విలువ యెంతయో తేలుట వేఱు.

పూర్వులపై భక్తి యున్నవారు వారు వ్రాసినది చదువవలెను. గాయముల చికిత్సకు సుశ్రుతుడు అఱువది యుపక్రమములు చెప్పెను. ఒక్క కొమ్ముతో పని తీరునదైనచో మిగిలినవాని నేల చెప్పును? కీళ్లుపట్టు ఆమవాతమును మాధవకరుడు తన నిదానగ్రంథమున ప్రత్యేకవ్యాధిగా వివరించెను. రోగమును రోగమునుండి వేఱుచేయుటకు వారు పడిన శ్రమను మఱచి, అన్ని రోగములకు నొక్క డబ్బా చూపుట వారిని గౌరవించుట యగునా? పరీక్షించి చూచినవారిని పరీక్షకు అడ్డుగా నిలబెట్టుట కంటె వారికి గొప్ప యవమానము లేదు.

మాపై రెండాక్షేపణలు రాగలవు. మోకాళ్ల అరుగుదలలో పసుపుసారము నొప్పిని తగ్గించెనని కొన్ని పరీక్షలు చెప్పలేదా? చెప్పినవి. అవి చిన్నపరీక్షలు, ఐనను కొట్టివేయము. పెద్దపరీక్షలు జరిగి మేలు నిలిచినచో మేమే ముందుగా నమస్కరింతుము. కాని వయసుచే నరిగిన మోకాలు వేఱు, స్వరక్షకులే కొఱుకుచున్న చేతివ్రేళ్లు వేఱు. ఒకదానికి దొరకిన సాక్ష్యమును మఱియొకదానికి చెల్లింపరాదు. రెండవది: ఇంగ్లీషుమందుల కంపెనీలు లాభమునకు చేయుట లేదా? చేయుచున్నవి, వానిని నిలదీయుట మన విధియే. ఐతే గుళికల కంపెనీలు ధర్మసత్రములా? మందు నమ్మువాడు అమ్ముటకు ముందు పరీక్ష చూపవలెను. ఆహారపు పూరకమని పేరుపెట్టి యమ్మువానికి ఆ భారము చాలవఱకు తప్పినది. లాభము రెండుచోట్లను కలదు; ఋజువు చూపవలసిన బాధ్యత ఒకచోటనే కలదు.

ప్రకృతిపదార్థములు మందులు కావని మేము చెప్పుట లేదు. విల్లో చెట్టు బెరడునుండి సాలిసిను వచ్చినది. ఆ వంశమున 1897లో ఆస్పిరిను పుట్టినది. అది యెట్లు పనిచేయునో 1971లో జాన్ వేన్ తెలిపెను. మన యడవులలో నిప్పువంటి పువ్వులు పూయు అడవినాభి కలదు, సంస్కృతమున లాంగలి. పూర్వులు దానిని ఉపవిషములలో జేర్చిరి. అందు కాల్చిసిను కలదు. గౌటు వాపునకు కాల్చిసిను నేటికిని గొప్పమందు. 2019లో గుండెపోటు వచ్చిన 4,745 మందికి దానిని దినమున కరమిల్లీగ్రాము చొప్పున నిచ్చి, ఉత్తమాత్రతో పోల్చి చూడగా మేలు గనబడెను. 2024లో వెలువడిన మఱియొక పెద్ద పరీక్షలో ఆ మేలు గనబడలేదు. రెండింటిని ప్రకటించిరి. ఇది శాస్త్రము నడచు త్రోవ. అడవినాభి దుంపను నమలినవాడు చచ్చును. అరమిల్లీగ్రామునకు లెక్కగట్టినవాడు బ్రదికించును. రెండింటికి నడుమ నున్నది ప్రకృతి గాదు, లెక్క.

ఇప్పుడు మా చెల్లెలు విషపుమందని పాఱవేసిన మాత్ర యెక్కడిదో చెప్పెదము. 1895లో భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. మదరాసున వైద్యము చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో ఉపాధ్యాయులుగా నుండి, పిమ్మట అమెరికాకు బోయిరి. ఆయన కుటుంబమున స్ప్రూ అను వ్యాధి ప్రాణములు దీసినది. ఆ రోగమునకును, రక్తహీనతకును సంబంధించిన ఫోలిక్ ఆమ్లమను పదార్థమును 1941లో పాలకూరనుండి వేఱుచేసి, ఆకు అను అర్థమిచ్చు లాటిను పదముతో దానికి పేరిడిరి. దానిని ప్రయోగశాలలో నిర్మించు పనిని సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ సంస్థవారు సాధించిరి. ఆ యణువునే కొంచెము మార్చి, కణముల మితిమీరిన పెరుగుదలను నిలుపు అమినాప్టెరినును వారే తయారుచేసిరి. 1948లో సిడ్నీ ఫార్బరు బోస్టనులో దానిని రక్తపు కాన్సరుగల 16 మంది పిల్లల కిచ్చి, పదిమందికి తాత్కాలికముగానైనను వ్యాధి తగ్గెనని ప్రకటించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు గతించిరి. ఆ అమినాప్టెరినునకు తోబుట్టువు మెథోట్రెక్సేటు. 1951లో అమినాప్టెరినును కీళ్లవ్యాధికి వాడి చూచిరి. 1980లలో మెథోట్రెక్సేటుపై పరీక్షలు జరిగెను. 1988లో అమెరికా ప్రభుత్వము దానిని ఈ వ్యాధికి అంగీకరించెను.

అనగా, ఆకునందలి యొక పదార్థమును మన తెలుగువాని నాయకత్వమున పరిశోధించి సాధించిన మందును "మనది కాదు" అని పాఱవేసి, ఏ పరీక్షకును నిలువని గుళికను "మనది" యని కొనుచున్నాము. స్వదేశాభిమానమునకు ఇంతకంటె దౌర్భాగ్య మేమున్నది?

మెథోట్రెక్సేటు అమృతము కాదు. అది వారమున కొక్కసారియే మ్రింగవలెను. పొరపాటున దినదినమును మ్రింగినవారు ప్రాణములు కోలుపోయిరి. కాలేయమును, రక్తమును వేళకు పరీక్షించుచుండవలెను, గర్భిణులకు కూడదు, మద్యముతో పొసగదు. ఈ కీడులన్నియు దాని కాగితముపైనే వ్రాసియున్నవి. వాని నోర్చుకొనుటకై వైద్యులు దానితోడ ఫోలిక్ ఆమ్లపు మాత్రయు నిత్తురు. కీడును దాచని మందును నమ్మవచ్చును; కీడే లేదను మందును నమ్మరాదు.

చదువరులైన గృహస్థులారా, గృహిణులారా, మేము కోరునది స్వల్పము. దుగ్గిరాలలోను, నిజామాబాదులోను పసుపు పండించు రైతు మన యన్నము కమ్మగ జేయుచున్నాడు; అతని కొమ్మునకు ధర కట్టుటకు అబద్ధ మక్కఱలేదు. పసుపును వండుకొనుడు, పూసికొనుడు, పేరంటమున పంచుడు. ఎవరైన మీచేతికి గుళిక నిచ్చినచో మూడు ప్రశ్నలు వేయుడు: దీనిని మనుష్యులపై పరీక్షించిరా, గాజుపాత్రలోనే చూచిరా? ఉత్తమాత్రతో పోల్చి చూచిరా? దీనివలని కీడు నెవరైన లెక్కించిరా? తీసికొనదలచినచో వైద్యునికి చెప్పి తీసికొనుడు. వాడుచున్న మందును మాత్రము బంధువుల మాటపై మానకుడు. ఇతరులు మానుట చూచినచో మావలె మౌనముగా నుండకుడు.

మొన్నటి శుక్రవారము మా చెల్లెలి యింటికి బోయితిమి. గడపకు పసుపు ఆమె కూతురు పూయుచున్నది. గిన్నె పట్టుకొనుట తనకు చేతగాదని ఆమె చెప్పి, మమ్ము కూర్చుండుమని పీట చూపెను.